ఉల్టా మర

లీటరు పెట్రోలుకు నలభై మిల్లీల ఆయిలు.
దగ్గుమందు సీసా మూతతోటి కొలుస్త,
పది మిల్లీల మూత, నాలుగు మూతలు.
ఎక్కువైతే పొగ, తక్కువైతే పిస్టన్ పట్టుకుంటది
అని హాలియాల మక్సూద్ భాయి చెప్పిండు.
చెప్పి, నా మొఖం చూసి, ఇంకోసారి చెప్పిండు.

రబ్బరు బుడ్డిని ఏడుసార్లు ఒత్తాలె.
చోక్ మూయాలె.
తాడు మెల్లగ గుంజి, బిగువు తగలంగనే
ఒక్క గుంజు.
మొదటిరోజు నలభైసార్లు గుంజినా లేవలే.
గట్టు మీద కూసున్నోళ్లు నవ్విండ్రు.
చూస్తే, స్విచ్చు ఆఫ్‌ల ఉంది.

అంతకుముందు నేనూ ఆ గట్టు మీదోళ్లల్ల ఒకదాన్నే.
పదకొండు మందిమి.
కొడవళ్లు గోనెసంచిల చుట్టి కాళ్లకింద పెట్టుకొని
ఒక్క ఆటోల ఇరికి పోయేది.
పదకొండు మందిమి రోజంత కోసే ఎకరం
ఇది నన్నొక్కదాన్ని పట్టుకొని పొద్దుగూకేదాక కోస్తది.
ఆ లెక్క ద్వాలి చేసింది,
వేళ్లు ముడిచి, నా మొఖం మీదనే.
మర్నాటి నుంచి ఆటోల నాకు జాగ లేదు.
ఎవరూ చెప్పలే. తెలిసింది.

రాత్రిపూట దాన్ని విప్పుత.
గాలి ఫిల్టరు స్పాంజిని సర్ఫు నీళ్లల్ల పిసికి
దండెం మీద ఆరేస్త, నా రైక పక్కన.
ప్లగ్గు మూతికి మసి,
పాత బ్రష్షుతోటి రుద్దుత.
మెడకాడ గ్రీజు పెడ్త.
బ్లేడు నట్టు మాత్రం ఉల్టా మర.
లోకంల నట్లన్నీ ఎడమకు తిప్పితే ఊడుతయి,
ఇది బిగుస్తది.
తెలువక, బలమంత పెట్టి,
ఊడదీస్తున్ననుకుంట బిగించిన.
పానా జారి మణికట్టు చీరుకపోయింది.

ద్వాలితోటి మాట్లాడబోయిన రోజు గూడ గిట్లనే అయింది.
నీకూ నేర్పిస్త, అన్న.
నీ కింద పన్జేయాల్నా, అన్నది.

నిడమనూరు తోవల బత్తాయి తోట, ఆరు వందల చెట్లు.
సాలు నడుమ వయ్యారిభామ నరుక్కుంట పోతుంటే
గులకరాయి కండ్లద్దాలకు టప్పున తగిలింది.
చెవుల్ల దూది. పిట్ట ఉందో లేదో.
సాయంత్రానికి చేతులు నావి కావు,
నీళ్ల గిలాస పట్టుకుంటే గిలాస వణుకుతది.

చెట్టు మొదలుకాడ తప్పు చేసిన.
బెరడు మీద రెండు గీతలు, గోరెడు లోతు.
ఆసామి అరిచిండు. ఇనపడలే,
నోరు కదిలింది కనపడ్డది.
బంక కారితే చెట్టు పోతదే, అంటున్నడంట.
డ్రిప్పు పైపు తెగిన సంగతి
నీళ్లు కాళ్ల మీద పడ్డంక తెలిసింది.

మొదలు చుట్టూ మూరెడు, పైపు పొడుగునా జానెడు
మిషిన్‌ది కాదు.
కొడవలిది.
నేనొక్కదాన్ని వంగితే దసరా దాటుతది.

ఇంజను బందుపెట్టి తండాకు పోయిన.
ద్వాలి గిన్నెలు తోముతున్నది, తలెత్తలే.
ఆరు వందల మూరలు, అన్న.
కూలి సంగతి ఆసామితోటి నువ్వే మాట్లాడు. నా కింద కాదు.
చాలాసేపు ఒక్క గిన్నె అడుగే రుద్దింది.
నీ మిషిన్ రాళ్లు ఎగజిమ్ముతది,
మేమున్నంతసేపు బందుండాలె.
ఉంటది.
పొద్దుగాల మేము. ఎండెక్కినంక నువ్వు.
ఎండ నాకే. సరే అన్న.

తెల్లారి ఆటోల జాగ లేదు, నిజంగనే లేదు, పదిమంది.
మిషిన్‌ని పైన తాళ్లతోటి కట్టిండ్రు.
బ్లేడుకు గోనెసంచి ఎవరు చుట్టిండ్రో చూడలే.
కొడవళ్ల మీద కాలు పడకుండ
డ్రైవరు పక్కన సగం సీటుల కూసున్న.

తోటకాడ దింపుతుంటే
ద్వాలి వేలితోటి నట్టు తట్టి అడిగింది,
గిది ఎటు తిప్పితే ఊడుతది?

కుడికి, అన్న.
నమ్మలే.